హక్కుల మాట విలన్‌కు, కన్నీళ్లు కోడలికి

పుట్టపాకలో మా మేనత్త ఇంట్లో మగ్గమూ టీవీ ఒకే గదిలో ఉంటాయి. పూర్వం ఆమె ఆసు చేత్తోనే పోసేది. ఒక్క చీరకు సరిపడే నూలు చుట్టాలంటే చెయ్యి అటూ ఇటూ వేల సార్లు ఆడాలి. రాత్రికి భుజం పట్టేసేది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి పడుతున్న అదే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అత్త ఇంటికి కూడా ఆ యంత్రం చేరింది. ఆమె చేతికి కాస్త తీరిక దొరికింది. ఆ తీరికను సీరియళ్లు పట్టుకున్నాయి.

పోయిన దసరాకు వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చుని వరసగా మూడు సీరియళ్లు చూశాను. మూడోదానిలో భర్త వదిలేసిన కోడలు తులసికోట ముందు కూర్చుని ఏడుస్తోంది. ఇంతలో పొట్టి జుట్టు, నల్ల కళ్లద్దాలు, చేతిలో కారు తాళాలతో ఒకామె దిగింది. వకీలు. “ఆడవాళ్లకు హక్కులున్నాయి, కేసు వేద్దాం” అంది. వెనక పాము బుస కొట్టినట్టు సంగీతం. ఆమె మంచిది కాదని మాకు ఆ సంగీతమే చెప్పేసింది. రెండు నిమిషాల్లో ఆమె ఆస్తి కోసం వచ్చిందని కూడా తేలిపోయింది. కోడలు చేతులు జోడించి, “నా భర్తను కోర్టుకు ఈడ్చలేను” అంది. అప్పుడు గంటలు మోగాయి.

అత్త నా వైపు తిరిగి, “హక్కులు హక్కులు అనేవాళ్లంతా ఇట్లాగే ఉంటారా బిడ్డా?” అని అడిగింది. నేను నల్గొండలో మహిళా సంఘాల సభలకు వెళ్తానని ఆమెకు తెలుసు. అందులో వెక్కిరింత లేదు, నిజంగానే అడిగింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీదో తేల్చుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. రాసినవాళ్ల మీదనా, ఛానళ్ల మీదనా, చూసేవాళ్ల మీదనా? ఒక్కొక్క ముడీ విప్పుతూ పోతే, మొదట అనుకున్నంత సులువుగా దోషి దొరకలేదు.

సీరియల్‌లో స్త్రీవాదిని గుర్తుపట్టడం తేలిక. చేతుల్లేని జాకెట్టు, మాట మాటకూ ఇంగ్లిషు, వంటింటి గడప తొక్కని కాళ్లు. అసలు గమనించాల్సింది మాటల పంపకం. ‘హక్కు’, ‘స్వేచ్ఛ’, ‘నా జీవితం నా ఇష్టం’ ఆమె వాటాకు పోతాయి. ‘బాధ్యత’, ‘పరువు’, ‘త్యాగం’, ‘పుట్టింటి గౌరవం’ కోడలి వాటాకు వస్తాయి. ఏళ్ల తరబడి రోజూ రాత్రి ఇదే పంపకం చెవిన పడితే, ఏ వాదనా అవసరం లేకుండానే మొదటి మూటలోని మాటలకు విషపు వాసన అంటుకుంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ఇంట్లో బ్యాంకు ఖాతా ఉన్నది విలన్‌కే. కాగితాలు చదివి సంతకం పెట్టేదీ ఆమే, కారు నడిపేదీ ఆమే, రేపు ఏం చేయాలో ఈ రోజే ఆలోచించేదీ ఆమే. కోడలు మాత్రం ఎవరు ఏ కాగితం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టేస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు విలనే నచ్చింది. పాపం, కనీసం ఆమె ఏదో ఒకటి కావాలనుకుంటోంది.

సీరియల్ దేనికి భయపడుతుందో ఇక్కడే బయటపడుతుంది. స్త్రీకి కోరిక ఉండడం, ఆ కోరిక కోసం ఆమె ఒక అడుగు వేయడం దానికి గిట్టదు. ఎందుకు గిట్టదో తెలియాలంటే సీరియల్ ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి.

దినసరి సీరియల్ వారానికి ఆరు రోజులు వస్తుంది. ఏడాదికి 312 భాగాలు. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. కాబట్టి అరగంటలో ఇరవై నాలుగు నిమిషాల దాకా కథ నింపాలి. నాలుగేళ్లు నడిచే సీరియల్‌కు పన్నెండు వందల పైచిలుకు భాగాలు కావాలి. ఇంత కథ ఏ రచయిత దగ్గరా ఉండదు. ఉన్న కథనే ముందుకు పోకుండా ఆపుతుండాలి. ఆపడానికి అందరికంటే పనికొచ్చేది, నోరు విప్పని మనిషి. భార్య “ఆ ఫొటో అబద్ధం, నాతో వచ్చి ఫలానా చోట కనుక్కో” అని ఒక్క మాట అంటే మూడు నెలల కథ ఆ రాత్రే ముగుస్తుంది. ఆమె చేత ఆ మాట అనిపించకుండా ఉండాలంటే ఆమె మౌనానికి ఏదో ఒక గొప్ప పేరు పెట్టాలి. ఓర్పు అనో, సంస్కారం అనో పెడతారు. కోడలి సహనం మన సంప్రదాయం నుంచి పుట్టిందని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అందులో సగానికి పైగా 312 అనే అంకె లోంచి పుట్టింది.

గుమ్మం దాటి వెళ్లి కేసు వేసే స్త్రీ వల్ల ఈ పద్ధతికి నేరుగా నష్టం. ఆమె సమస్యను తేల్చేస్తుంది, తేలిపోతే కథ ఉండదు. అందుకే తేల్చే శక్తి ఉన్నవాళ్లను, వకీలును, పోలీసమ్మను, చదువుకున్న ఆడపడుచును కథ ముందుగానే చెడ్డవాళ్లను చేసేస్తుంది.

దీనికి తోడు గురువారం భయం ఒకటుంది. ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో బార్క్ అనే సంస్థ వారం వారం లెక్క చెబుతుంది, ఆ అంకెలు గురువారం వస్తాయి. దేశం మొత్తంలో ఆ లెక్క తీసే మీటర్లు బిగించినది 50 వేల పైచిలుకు ఇళ్లలో మాత్రమే. అంకె తగ్గితే కథ మలుపు తిరుగుతుంది, పెరిగితే ఏడుపు ఇంకో వారం సాగుతుంది. కోడలు ఏడ్చిన వారం అంకె పెరిగిందంటే ఆమెకు ఇక నవ్వే యోగం లేదు.

ఈ లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిసి ఒకే బజారు. అందుకని కథ ఏ ఊరిదీ కాకుండా జాగ్రత్తపడతారు. పెద్ద మేడ, పెద్ద మెట్లు, ఊరి పేరు లేదు. కథానాయిక మాట నల్గొండదో పాలమూరుదో కావడం నాకు అరుదుగానే వినిపించింది. మన మాట ఇంటి పనిమనిషికీ, ఆటో డ్రైవరుకూ, నవ్వించే పాత్రకూ వస్తుంది. ఇది వేరే వ్యాసానికి సరిపడే కోపం, ఇక్కడికి ఆపుతాను.

ఊరు లేకపోవడానికి మరో కారణం, ఆ కథ అసలు మన దగ్గర పుట్టకపోవడం. ‘ఇంటింటి గృహలక్ష్మి’ సంగతే చూడండి. దాని మూలం 2019లో మొదలైన ‘శ్రీమొయీ’ అనే బెంగాలీ సీరియల్. హిందీ, మరాఠీ, తమిళం, మలయాళం, తెలుగు, ఇలా ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క కథే దేశమంతా పరుచుకుంది. దాన్ని రాసిన రచయిత్రి పశ్చిమ బెంగాల్ మహిళా కమిషన్ అధ్యక్షురాలిగానూ పనిచేశారు. స్త్రీల సమస్యలు తెలియని మనుషులు రాయడం వల్లే ఇలా అవుతోందని అనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ అనుమానం తీరిపోతుంది.

కథగా చూస్తే అందులో విషయం లేకపోలేదు. ఇల్లే లోకమనుకున్న గృహిణికి భర్త మరో స్త్రీతో ఉన్నాడని తెలుస్తుంది. ఆమె విడిపోయి, తన కాళ్ల మీద నిలబడుతుంది. స్త్రీవాదులు మెచ్చుకోవలసిన దారే. కానీ ఆ రెండో స్త్రీ ఎవరు? భర్తతోపాటు ఉద్యోగం చేసే ఆమె. దాంతో పోరు గృహిణికీ ఉద్యోగస్తురాలికీ మధ్యకు వచ్చి పడుతుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఎత్తులు వేసుకుంటుంటే అసలు తప్పు చేసిన మగవాడు మధ్యలోంచి జారిపోతాడు, మెల్లగా మంచివాడు కూడా అవుతాడు. ఈ అచ్చు ఒక్క సీరియల్‌ది కాదు. నేను చూసిన చాలావాటిలో ఇదే. పాత రోజుల్లో అత్తా కోడళ్లను కొట్లాడించేవారు, ఇప్పుడు వంట చేసే ఆమెనూ జీతం తెచ్చే ఆమెనూ కొట్లాడిస్తున్నారు. నల్గొండలో ఏ ఇంటికైనా వెళ్లి చూడండి, ఆ రెండు పనులూ ఒక్క మనిషే చేస్తుంటుంది.

ఇక చట్టం విషయం. సీరియల్ లోకంలో ఎవరైనా ఎవరి మెడలోనైనా తాళి కట్టేస్తే పెళ్లయిపోయినట్టే. కరెంటు పోయిన చీకట్లో కట్టినా సరే, పెళ్లికూతురి చోట మరో అమ్మాయిని కూర్చోబెట్టి కట్టించినా సరే. తర్వాత వందల భాగాలు ఆ తాళి చుట్టూ తిరుగుతాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం అడిగేది ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి తంతు. బలవంతంగానో మోసంతోనో జరిగిన పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు సరికదా, నేరం కూడా. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద దానికి ఏడేళ్ల దాకా జైలు. టీవీలో మాత్రం ఇద్దరు భార్యలూ ఒకే ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుంటారు.

వానలో కోడలిని బయటికి గెంటే సన్నివేశం లేని సీరియల్ ఉందా? మెడ పట్టి గెంటుతారు, పెట్టె విసిరేస్తారు, తలుపు మూసేస్తారు. ఆమె మెట్ల మీద తడుస్తుంది. 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతున్న గృహహింస చట్టం 17వ సెక్షన్ ఆ తలుపు గురించే మాట్లాడుతుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదు. ఆ రాత్రి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయవచ్చు, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే జిల్లాలోని సఖి కేంద్రానికి వెళ్లవచ్చు. ఇన్నేళ్లలో ఇన్ని వానలు కురిశాయి కదా, ఏ కోడలైనా ఆ మూడు అంకెలు నొక్కగా నేను చూడలేదు. అసలు దేవుడి పటానికి తప్ప ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయదు.

చట్టం తెరమీదకు వచ్చేది విలన్ చేతిలో ఆయుధంగానే. ఆమె వరకట్న వేధింపుల కేసు పెడుతుంది, పది నిమిషాల్లో జీపు వచ్చి ముసలి మామగారిని లాక్కుపోతుంది. నిజానికి ఈ రకం కేసుల్లో ఫిర్యాదు అందగానే అరెస్టు చేయకూడదని, ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేశ్ కుమార్ తీర్పులో చెప్పింది. దొంగ కేసులు అసలే ఉండవని నేను అనను. కానీ తెర మీద వచ్చే కేసులు దాదాపు అన్నీ దొంగవే అయితే, నిజంగా దెబ్బలు తిన్న ఆడపిల్ల స్టేషన్ మెట్లెక్కే ముందు ఊరు ఆమెను ఏ కళ్లతో చూస్తుంది?

ఆస్తి దగ్గర ఇది మరీ ముదురుతుంది. మంచి కూతురు ‘నాకేమీ వద్దు నాన్నా’ అంటుంది. వాటా అడిగిన కూతురు చెడ్డది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లికాని వాళ్లకు. 2005లో దేశమంతటా వచ్చింది. 2005 సవరణ అమల్లోకి వచ్చిన నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మా వైపు ఇప్పటికీ పసుపు కుంకుమల కింద ఏదో కొంత ఇచ్చి, తమ్ముడి పేరు మీదికి అక్కల సంతకాలు తీసుకోవడం మామూలే. సంతకం పెట్టనన్న అక్కకు ఊళ్లో వచ్చే పేరు, సీరియల్‌లో విలన్‌కు వచ్చే పేరు ఒకటే.

అయితే సీరియళ్లే ఆడవాళ్లను చెడగొడుతున్నాయని తీర్పు చెప్పేయవచ్చా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 2009లో రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అచ్చువేసిన అధ్యయనం చదివాక ఆగాల్సి వచ్చింది. బిహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీల్లో 2001 నుంచి 2003 దాకా సేకరించిన సమాచారం అది. కొత్తగా కేబుల్ టీవీ వచ్చిన పల్లెల్లో, భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు తగ్గారని, మగపిల్లవాడే కావాలన్న పట్టు సడలిందని, ఇంటి నిర్ణయాల్లో స్త్రీల మాట చెల్లడం పెరిగిందని వాళ్లు తేల్చారు. అవును, అత్తాకోడళ్ల సీరియళ్లు ఉప్పెనలా వస్తున్న ఆ రోజుల్లోనే.

ఇది వింతేమీ కాదని తర్వాత తోచింది. చూసేవాళ్లు కథలోని నీతిని మాత్రమే తీసుకోరు. సొంతంగా ఫోను పట్టుకున్న ఆడమనిషిని చూస్తారు, ఒంటరిగా బస్సెక్కిన ఆడమనిషిని చూస్తారు, మగవాడి ఎదుట కుర్చీలో కూర్చున్న ఆడమనిషిని చూస్తారు. ఆమె విలనే కావచ్చు, కానీ కూర్చుంది కదా!

దీని పక్కనే ఇంకో అంకె పెట్టి చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణం ఉంటే భర్త భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు తెలంగాణలో దాదాపు 84 శాతం. దేశంలోనే అతి ఎక్కువ చెప్పిన రాష్ట్రాల్లో మనది ఒకటి. సర్వే వాళ్లు ఏడు కారణాలు చదివి వినిపిస్తారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం, పరాయి మగవాడితో సంబంధం ఉందన్న అనుమానం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం. చదువుతుంటే నాకు ఏడు సీరియళ్ల కథలు వరసగా కళ్ల ముందు తిరిగాయి. ఈ కారణాలను సీరియళ్లు కనిపెట్టలేదు, అవి మన ఇళ్లలో ముందునుంచీ ఉన్నాయి. సీరియల్ చేస్తున్నది వాటిని రోజూ తుడిచి, బొట్టుపెట్టి, మళ్లీ అదే గూట్లో పెట్టడం.

నా కోపం ఇప్పుడు నిలిచిన చోటు అదే. మా అత్త సీరియల్ కోడలిని చూసి మారిపోతుందని నాకు భయం లేదు, ఆమెకు ఆ తీరిక లేదు. కానీ ‘హక్కు’ అనే మాట ఆమె దగ్గరికి చేరేలోపే దాని మొహానికి మసి పూసేశారు. ఆ మాట పుట్టిన నేల మీద నిలబడి చూస్తే ఇది మరీ బాధగా ఉంటుంది.

చిట్యాల ఐలమ్మ చాకలి కులంలో పుట్టిన, అక్షరం రాని మనిషి. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట తనదేనని విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. ఆమె ఊరు పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా అప్పట్లో నల్గొండ జిల్లాలోదే. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం ఇరవై ఏళ్లయినా నిండకుండానే దళం నడిపింది, నిజాం ప్రభుత్వం ఆమె తల మీద పదివేల రూపాయల వెల కట్టింది. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది. 2022 మార్చి 19న చనిపోయాక ఆమె కోరిక మేరకు దేహాన్ని నల్గొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇచ్చారు. వీళ్లెవరూ ‘స్త్రీవాదం’ అనే మాటతో బయలుదేరలేదు. వీళ్లలో ఎవరికీ నల్ల కళ్లద్దాలు కూడా లేవు.

పాలమూరు వైపు వస్తే కథలకు కరువే లేదు. వలస పోయే మేస్త్రీ ముఠాల్లో భర్తతో సమానంగా మట్టి మోసిన ఆడవాళ్లు, వలస పోయినవాడి పిల్లల్ని పెంచుతూ చేను దున్నించిన ఆడవాళ్లు. పల్లె ఆడవాళ్ల చదువు, చైతన్యం కోసం ప్రభుత్వం తెచ్చిన మహిళా సమత కార్యక్రమం 1993లో ఉమ్మడి రాష్ట్రంలో మొదట అడుగుపెట్టిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుడి పేరు చెప్పి చిన్నపిల్లలను జోగినులుగా మార్చే ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చినా, దాన్ని ఊళ్లలో నిలబెట్టడానికి కొట్లాడింది అక్కడి ఆడవాళ్లే. ఉపాధి హామీ 2006లో దేశంలో మొదట మొదలైన 200 జిల్లాల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. మగకూలీ ఆడకూలీ ఒక్కటేనని కాగితం మీద రాసి ఇచ్చిన పని చాలామంది ఆడవాళ్లకు అదే మొదటిది. సీరియల్‌లో కూలి డబ్బు ఎక్కడైనా కనిపించిందా? పట్టుచీర కట్టుకుని పిండి కలిపే ఆ అమ్మాయి చీర ఎవరు నేశారో ఒక్క భాగమైనా చెప్పిందా?

కులం సంగతీ అంతే. సీరియల్‌లో ప్రేమకు అడ్డు ఎప్పుడూ డబ్బే. ధనవంతుడి కొడుకు, పేదింటి పిల్ల, చివరికి ఆ పిల్ల కూడా ధనవంతుల బిడ్డేనని తేలుతుంది. 2018లో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని గర్భిణి అయిన భార్య కళ్లెదుటే చంపించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. ఆ ఏడేళ్లూ మన ఇళ్లలో సాయంత్రాలు తండ్రి పరువు కోసం పెళ్లి వదులుకున్న కూతుళ్ల కథలకు చప్పట్లు కొడుతూనే ఉన్నాం.

అత్త అడిగినదానికి ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. మొన్న మళ్లీ వెళ్లినప్పుడు ఆమె సంఘం పుస్తకం ముందు వేసుకుని వాయిదాల లెక్క చూస్తోంది. ప్రకటనలు వస్తున్నాయి.

“అత్తా, మీ సంఘంలో ఎవరినైనా మొగుడు కొడితే ఏం చేస్తారు?” అని అడిగాను.

“ఏం చేస్తాం బిడ్డా, పది మందిమి కలిసి వాడి గుమ్మం ముందు కూర్చుంటాం. పోయిన ఎండాకాలం కూర్చున్నాం కదా. వాడు వినకపోతే స్టేషనుకు కూడా పోయాం. దరఖాస్తు నేనే రాయించాను.”

“మరి ఆ సీరియల్ వకీలమ్మ చెప్పిందీ అదే కదా?”

అత్త కళ్లజోడు పైకి తోసుకుని నా మొహంలోకి చూసింది. “ఆమె వేరు. ఆమెకు అన్నం వండడం కూడా రాదు” అంది. ఇద్దరం నవ్వాం. ఇంతలో ప్రకటనలు అయిపోయాయి. పాము సంగీతం మొదలైంది. అత్త పుస్తకం మూసి, శబ్దం కొంచెం పెంచమంది.